డెల్ఫీ కొండమీద ఇల్లడ సొమ్ము

గ్రీసు దేశపు రాజధాని ఏథెన్సు నుంచి వాయవ్య దిశగా సుమారు 180 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే పర్నాసస్ పర్వతపు దక్షిణపు వాలు మీద డెల్ఫీ అనే చిన్న ఊరు వస్తుంది. వెనుకవైపు గోడలవలె నిట్టనిలువుగా లేచిన కొండచరియలు, ముందువైపు లోతైన లోయ, ఆ లోయ నిండా ఆలివు తోటలు. తోటల చివర సముద్రపు పాయ ఒక నీలిగీతవలె అగపడుతుంది. ఊరు పెద్దది కాదు. కొండవాలు వెంబడి నాలుగు వీధులు, వాటిని కలిపే మెట్లు, యాత్రికుల కోసం వెలసిన హోటళ్లు, దుకాణాలు. పూర్వం ఈ ఊరు ఇక్కడ లేదు. కాస్త్రి అనే పేరుతో సరిగా శిథిలాల మీదనే ఉండేది. 1892లో ఫ్రెంచి పండితులు పెద్ద ఎత్తున త్రవ్వకాలకు పూనుకొన్నప్పుడు, పల్లెనంతా అక్కడి నుంచి లేవదీసి కొంత పడమరగా మళ్లీ కట్టించవలసి వచ్చింది. ఎప్పుడో వెళ్లిపోయిన దేవుడికి చోటు చేయడానికి, ఉన్న మనుషులు ఇళ్లు ఖాళీ చేశారన్నమాట.

ఊరు దాటి కొద్ది దూరం నడిస్తే శిథిలాలు ప్రారంభమవుతాయి. రాతిబాట మెలికలు తిరుగుతూ కొండమీదికి పోతుంది. శత్రుంజయమో, గిరనారో ఎక్కినవారికి ఈ ఎక్కుడు ఒక లెక్కలోది కాదు. కాని అక్కడ పైన భగవంతుని దర్శనం ఉంటుంది. ఇక్కడ పైన ఉన్నవి ఆరు స్తంభాలు మాత్రమే. క్రీ. పూ. 548లో ఒక ఆలయం కాలిపోయింది. దాని స్థానంలో కట్టిన ఆలయం 373లో కూలిపోయింది. ఆ తరువాత నాలుగవ శతాబ్దంలోనే మరల కట్టిన ఆలయపు స్తంభాలలో ఆరింటిని పండితులు తిరిగి నిలబెట్టారు. ఇక్కడ అపోలో దేవుని పేర పీఠం మీద కూర్చున్న స్త్రీ, పిథియా అని ఆమె బిరుదు, అడిగినవారికి దేవవాక్కు వినిపించేది. రాజులు యుద్ధానికి ముందు అడిగేవారు. వలస పోయేవారు పడవ ఎక్కేముందు అడిగేవారు. ఇంత పెద్ద వ్యవహారం సుమారు వేయి సంవత్సరాలు నడిచి, క్రీ. శ. 391, 392 సంవత్సరాలలో రోము చక్రవర్తి థియోడోసియస్ పూర్వపు పూజలను నిషేధించిన తరువాత ముగిసిపోయింది.

బాటకు అటూ ఇటూ చిన్న చిన్న ఇళ్ల పునాదులు కనిపిస్తాయి. ఇవి దేవతల గుళ్లు కావు, ఖజానాలు. ఒక్కొక్క పట్టణం తన కానుకలను దాచడానికి ఒక్కొక్క రాతి ఇల్లు కట్టించింది. ఏథెన్సువారిది మాత్రం 1903 నుంచి 1906 వరకు మరల పేర్చి నిలబెట్టారు. వర్తక కుటుంబాలవారికి ఇందులో సిఫ్నోస్ ద్వీపంవారి ఖజానా వృత్తాంతం ప్రత్యేకించి వినదగినది. ఆ చిన్న ద్వీపంలో బంగారు, వెండి గనులు ఉండేవి. రాబడిలో పదవవంతు దేవునిదని ఏర్పరచి, దానితో క్రీ. పూ. 525 ప్రాంతాన చిత్రమైన శిల్పాలతో ఈ ఇల్లు కట్టించారు. కొన్నాళ్లకు ఆ పదవవంతు ఇవ్వడం బరువనిపించింది, మానివేశారు. సముద్రం పొంగి గనులను ముంచివేసిందని పౌసానియస్ అనే యాత్రికుడు క్రీ. శ. రెండవ శతాబ్దంలో వ్రాశాడు. సముద్రం లోభాన్ని కనిపెట్టి పొంగుతుందని మనం నమ్మనక్కరలేదు. అయితే అమ్మకం మీద ధర్మాదా వసూలు చేసి, సంవత్సరాంతాన దానిని తన మూలధనంలో కలుపుకొన్న దుకాణం ఎటువంటిదో మనకు తెలుసు.

ఇక్కడ ఒక విషయం దాచిపెట్టి ముందుకు పోవడం న్యాయం కాదు. దేవవాక్కు అడగడానికి ముందు ఒక మేకను తెచ్చి దాని మీద చన్నీళ్లు చల్లేవారు. అది వణికితే దేవుడు సమ్మతించాడని దానిని బలి ఇచ్చేవారు. వణకకపోతే ఆనాటికి ప్రశ్న లేదు. ఈ సంగతి అక్కడ స్వయంగా అర్చకత్వం చేసిన ప్లూటార్క్ వ్రాశాడు. ప్రాణభయంతోనో, చలితోనో వణికిన జంతువు వణుకును సమ్మతిగా లెక్క కట్టిన చోటు ఇది. ఆలయం ఎదుట బలిపీఠం ఇప్పటికీ ఉన్నది. అహింసా వ్రతం పట్టినవాడు అక్కడ చేతులు జోడించలేడు. కాని వినదగిన మాట ఎవరి నోట వచ్చినా విని, తూచి, తీసుకొనవలసినంత తీసుకోవడం అనేకాంతం తెలిసినవారికి క్రొత్త కాదు.

ఆలయంలో మూడు హితవాక్యాలు చెక్కి ఉండేవని ప్లేటో రచనవల్ల తెలుస్తున్నది. నిన్ను నీవు తెలుసుకొమ్మనేది మొదటిది. ఏదీ మితిమీరనీయవద్దనేది రెండవది. ఈ రెండింటినీ లోకమంతా ఎరుగును. మూడవది ఎవరూ చెప్పరు. ఒకరికి హామీ పడ్డావా, కీడు నీ పక్కనే ఉన్నదని దాని భావం. ఆత్మజ్ఞానం పక్కనే జామీను సంగతి చెక్కించిన ఆ మనుషులు వ్యవహారం ఎరిగినవారే అయి ఉండాలి.

ఆలయపు అరుగును మోస్తున్న పెద్ద రాతిగోడ మరొకటి ఉన్నది. దగ్గరగా పోయి చూస్తే దాని మీద చీమలబారువలె అక్షరాలు. వందలకొద్దీ శాసనాలు. ఇవి చాలావరకు బానిసల విడుదల పత్రాలు. బానిసకు తన పేర ఒప్పందం చేసుకొనే హక్కు లేదు. అందుచేత తాను కూడబెట్టిన సొమ్ముతో తనను కొనవలసిన పనిని అపోలోకు అప్పగించేవాడు. యజమాని ఆ బానిసను దేవునికి అమ్మినట్లు, కొనుగోలును బానిస దేవునికి నమ్మి అప్పగించినట్లు రాతిమీద చెక్కేవారు. దేవుడు కొన్నాడు గనుక ఇక మనిషి ఎవరూ పట్టుకోవడానికి వీలులేదు. కొన్ని పత్రాలలో యజమాని బ్రతికినంతకాలం కొలువు విడువరాదనే షరతు కూడా చేర్చారు. డబ్బు పుచ్చుకొని మరీ చేర్చారు. ఏమైనా ఆ గోడ మీద ఉన్న మాట ఒకటే. చేతకానివాడు తన సర్వస్వాన్నీ ఒకరి చేతిలో నమ్మి పెట్టాడు. మన పాతవారు ఇటువంటి దానిని ఇల్లడ అనేవారు. శాస్త్రం న్యాసం అంటుంది.

ఈ ఇల్లడను గురించే డెల్ఫీలో ఒకసారి ఒక ప్రశ్న పుట్టింది. హెరొడోటస్ అనే చరిత్రకారుడు దానిని తన గ్రంథం ఆరవ భాగంలో వ్రాశాడు. కథ క్రీ. పూ. 490 ప్రాంతాన స్పార్టా రాజొకడు చెప్పినట్లుగా ఉన్నది, అప్పటికి మూడు తరాల వెనుక జరిగినదని కూడా ఉన్నది. అంటే సంప్రదాయ గణన ప్రకారం క్రీ. పూ. 599 నుంచి 527 వరకు వర్ధమాన మహావీరస్వామి ఈ భూమి మీద ఉన్న కాలానికి ఇంచుమించు సమకాలం.

స్పార్టాలో గ్లౌకస్ అనే పెద్దమనిషి ఉండేవాడు. న్యాయబుద్ధిలో అతనిని మించినవాడు లేడని పేరు. సముద్రానికి ఆవలి ఒడ్డున, నేటి తుర్కీ దేశపు తీరాన ఉన్న మైలీటస్ పట్టణం నుంచి ఒకనాడు ఒకడు అతనిని వెతుక్కుంటూ వచ్చాడు. తమ ప్రాంతం ఎప్పుడూ అపాయం అంచున ఉన్నదనీ, అక్కడ ధనం ఒకరి చేతిలో నిలిచిన జాడ లేదనీ, గ్లౌకస్ కీర్తి విని తన ఆస్తిలో సగం అమ్మి వెండి చేసి తెచ్చాననీ చెప్పాడు. ఆ వెండిని అతని చేతిలో పెట్టాడు. ఒక ఆనవాలు కూడా ఇచ్చాడు. దానికి సరిపోయే రెండవ ఆనవాలు తెచ్చి చూపినవారికి సొమ్ము ఇవ్వవలసిందని ఒప్పందం. ఆ మనిషి భయం వట్టిది కాదు. తరువాత క్రీ. పూ. 494లో పారసీకులు మైలీటస్‌ను పట్టుకొని ధ్వంసం చేశారు.

చాలాకాలం గడిచింది. ఆ మనిషి కొడుకులు స్పార్టా వచ్చారు. ఆనవాలు చూపి సొమ్ము అడిగారు. గ్లౌకస్ జవాబు శ్రద్ధగా వినదగినది. తీసుకోలేదని అనలేదు. ఇవ్వనని అనలేదు. ఆ సంగతి తనకు జ్ఞాపకం రావడం లేదనీ, వారు చెప్పినదేదీ మనసుకు తట్టడం లేదనీ అన్నాడు. జ్ఞాపకం వస్తే ధర్మమే చేస్తాననీ, పుచ్చుకొన్నది నిజమైతే తిరిగి ఇస్తాననీ, పుచ్చుకోకపోతే గ్రీకుల ఆచారం ఉన్నది గదా, దాని ప్రకారం నడుచుకుంటాననీ అన్నాడు. ఆచారమంటే ప్రమాణం చేయడం. నాలుగవ నెలకు వాయిదా వేశాడు. సొమ్ము పోయినట్లేనని ఏడ్చుకుంటూ ఆ కుర్రవాళ్లు సముద్రం దాటి వెళ్లిపోయారు.

గ్లౌకస్ బయలుదేరి డెల్ఫీ కొండ ఎక్కాడు. ప్రమాణం చేసి ఆ సొమ్ము కాజేయవచ్చునా అని దేవుని అడిగాడు. పిథియా సమాధానం విచిత్రంగా ఉన్నది. ప్రస్తుతానికి ప్రమాణం చేయడమే లాభం, చేయమన్నది. మాట నిలుపుకొన్నవానికి కూడా చావు తప్పదు గదా అన్నది. అయితే ప్రమాణానికి పేరులేని బిడ్డ ఒకడున్నాడనీ, వానికి కాళ్లూ చేతులూ లేకపోయినా వేగంగా తరుముకొని వచ్చి ఇంటినీ వంశాన్నీ తుడిచిపెట్టేదాకా వదలడనీ హెచ్చరించింది. గ్లౌకస్ గడగడలాడి, అడిగినందుకు క్షమించమన్నాడు. దేవుని పరీక్షించడమూ ఆ పని చేయడమూ రెండూ సమానమే అని ఆమె తీర్పు చెప్పింది. అతను తిరిగి వచ్చి, మైలీటస్‌వారిని పిలిపించి, సొమ్ము ఇచ్చివేశాడు. అయినా మూడు తరాలు తిరిగేసరికి స్పార్టాలో గ్లౌకస్ సంతతి అని చెప్పుకోవడానికి ఒక్కడు మిగలలేదు, అతనిదని చెప్పదగిన పొయ్యిరాయి కూడా లేదు.

ఇదీ కథ. ఇందులో చిక్కు ఎక్కడున్నదంటే, సొమ్ము పూర్తిగా తిరిగి ఇచ్చాడు. అబద్ధ ప్రమాణం చేయలేదు. మరి ఏమి చేశాడని నాశనం కావాలి? మనసులో పుట్టిన దుర్బుద్ధికీ చేసిన దుష్కార్యానికీ భేదం లేదా? భేదమే లేకపోతే, ఒకసారి దుర్బుద్ధి పుట్టినవాడు ఎలాగూ పాపి అయినాడు గనుక పని కూడా కానిచ్చి లాభమైనా దక్కించుకోవచ్చునని వాదించేవాడు వస్తాడు. అంగడి వీధిలో ఇటువంటి వాదనలకు కొదువ లేదు.

పిథియా ఒక్క మాటలో తేల్చిన దానిని మన శాస్త్రకారులు మెట్లు మెట్లుగా విడదీశారు. వ్రతభంగానికి అతిక్రమ, వ్యతిక్రమ, అతిచార, అనాచార అని నాలుగు మెట్లు. దీనికి ముని భిక్షనే దృష్టాంతంగా చెబుతారు. తన కోసం ప్రత్యేకంగా వండిన ఆహారం ముని తీసుకోరాదు. అటువంటి ఆహారానికి పిలిచినప్పుడు మనసులో ఒప్పుకోవడం మొదటి మెట్టు. దానికోసం అడుగు కదపడం రెండవది. పాత్రలో పట్టుకోవడం మూడవది. తినడం నాలుగవది. నాలుగూ దోషాలే. నాలుగూ ఒకటి కావు. ప్రతి మెట్టు దగ్గరా వెనుకకు దిగడానికి వీలున్నది. కర్మబంధంలో స్థితి, అనుభాగం కషాయాన్నిబట్టి ఏర్పడతాయని చెప్పడంలో కూడా ఇదే తూనిక కనిపిస్తుంది. ఎంతకాలం అంటిపెట్టుకొని ఉంటుందో, ఎంత గట్టిగా ఫలిస్తుందో, ఆ లోభం ఎంత చిక్కగా ఉన్నదో దానినిబట్టి నిర్ణయమవుతుంది.

ఈ తూనికలో పెట్టి చూస్తే గ్లౌకస్ దోషం మెరుపువలె వచ్చిపోయిన తలపు కాదు. ఆనవాలు చూడగానే ఒక క్షణం మనసు వంకరపోయి, వెంటనే సర్దుకొని పెట్టె తెరిచి ఉంటే, ఈ కథే పుట్టేది కాదు. అతను ముందు జ్ఞాపకం లేదని బొంకాడు. తరువాత గడువు పెట్టాడు. పరదేశపు కుర్రవాళ్లను ఏడిపించి పంపాడు. ఆ తరువాత కాళ్లతో నడిచి కొండ ఎక్కాడు. సంరంభ, సమారంభ, ఆరంభాలని తత్త్వార్థసూత్రం చెప్పిన మూడింటిలో సంకల్పం దాటి సన్నాహంలోకి వచ్చివేశాడు. అదే సూత్రం కృత, కారిత, అనుమతాలను కూడా చెబుతుంది. తాను చేయడం, ఒకరిచేత చేయించడం, చేసేదానికి ఒప్పుకోవడం. త్రికరణాలతోను, నాలుగు కషాయాలతోను హెచ్చవేస్తే 108 అవుతుంది. జపమాల పూసల సంఖ్యకు ఇది కారణమని చెప్పేవారున్నారు. గ్లౌకస్ చేసినదేమిటంటే, తన పనికి దేవునిచేత అనుమతం చెప్పించబోయాడు. పాపంలో అపోలోను భాగస్థుణ్ణి చేయాలనుకొన్నాడు. పిథియా కోపానికి అసలు కారణం ఇదే కావచ్చు.

తెలియనిది అడగడం వేరు. ఆ వెండి ఎవరిదో గ్లౌకస్‌కు తెలుసు. ఎవరికి ఇవ్వాలో తెలుసు. ఆనవాలు సరిపోయింది. ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదు. తెలిసిన ధర్మాన్ని ప్రశ్నగా మార్చి మరొకరి గుమ్మానికి మోసుకుపోవడం మన వర్తక లోకంలో ఎంత తరచుగా జరుగుతుందో ఆలోచించవలసి ఉన్నది. వకీలు దగ్గరకు పోతారు. ఆడిటరు దగ్గరకు పోతారు. ఒక్కొక్కప్పుడు మహారాజుల దగ్గరకు కూడా పోయి, పేరు చెప్పకుండా, ఎవరో స్నేహితుని సంగతి అన్నట్లు అడుగుతారు. బాకీ వసూలు దావాకు సాధారణంగా మూడు సంవత్సరాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం గడువు పెట్టింది. గడువు దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది. బాకీ చచ్చిపోతుందని మాత్రం చట్టం చెప్పదు. గడువు దాటిన బాకీని చెల్లిస్తానని ఋణస్థుడు వ్రాసి సంతకం చేస్తే ఆ వాగ్దానం చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఒప్పుకున్నది. ఆసామి ఆలస్యంగా వచ్చాడని సంతోషించే మనసుకు ఈ రెండవ చట్టం ఎవరూ గుర్తు చేయరు. గ్రీకుల ఆచారం ఉన్నది గదా అని గ్లౌకస్ అన్న మాటకూ, లిమిటేషను ఉన్నది గదా అనే మాటకూ పెద్ద దూరం లేదు.

న్యాసాపహారాన్ని మన ఆచార్యులు ఎక్కడ ఉంచారో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకరి సొమ్ము ఎగవేయడం గనుక అచౌర్య వ్రతం క్రింద ఉండాలని ఎవరైనా అనుకుంటారు. తత్త్వార్థసూత్రం దానిని సత్యాణువ్రతానికి అతిచారంగా చెప్పింది. శ్వేతాంబర సంప్రదాయంలో శ్రావకుడు విడువవలసిన అయిదు పెద్ద అసత్యాలలో కూడా, కన్యను గురించి, గోవును గురించి, భూమిని గురించి చెప్పే అసత్యాల తరువాత న్యాసాపహారం, కూటసాక్ష్యం వస్తాయి. ఇల్లడ విషయంలో చేయి ఏమీ దొంగిలించదు. సొమ్ము ముందే ఇంట్లో ఉన్నది. దొంగిలించేది మాటే.

పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో ఈ అతిచారాన్ని వివరించిన తీరు ఇంకా సూక్ష్మం. దాచుకొన్నవాడు కాలక్రమాన ఎంత దాచాడో మరచిపోయాడు. వచ్చి తక్కువ మొత్తం అడిగాడు. దాచినవాడు, అవును, అంతే, అని ఇచ్చాడు. అదీ న్యాసాపహారం. అబద్ధం కల్పించలేదు. అడిగినది లేదనలేదు. వాయిదా వేయలేదు. ఆసామి పొరపాటుకు తల ఊపాడు, అంతే. ఆవర్జాలో పదకొండు వేలు కనిపిస్తూ ఉండగా, భర్త పోయిన ఇల్లాలు వచ్చి, మావారు మీ దగ్గర ఎనిమిది వేలు ఉంచారట అన్నయ్యగారూ అని అంటే, అవునమ్మా అని ఎనిమిది వేలు లెక్కపెట్టి, పైగా కాఫీ ఇచ్చి పంపిన షావుకారును ఊరు ధర్మాత్ముడనే అంటుంది. ఆచార్యులు మాత్రం ఆ ఒక్క 'అవును' దగ్గర వేలు పెట్టి చూపించారు. గ్లౌకస్ తాను మరచినట్లు నటించాడు. ఈ షావుకారు ఎదుటివారి మరపును వాడుకొన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దోషి అని అడిగితే చెప్పడం కష్టం. గ్లౌకస్ భయపడి కొండ ఎక్కాడు. షావుకారుకు ఆ భయమే కలగలేదు.

ఇక వంశనాశనం మాట. ఇక్కడ జైన మార్గం డెల్ఫీ మార్గంతో ఏకీభవించదు. తండ్రి చేసిన కర్మ తండ్రిదే. శిక్షించడానికి పైన కూర్చున్న దేవుడు లేడు, శిక్షకు తప్పు లేని బిడ్డలను లాగడం న్యాయమూ కాదు. గ్లౌకస్ మనుమలు తమ తమ కర్మలే అనుభవించి ఉంటారు. కాని ఇంత మాత్రం చెప్పి ఊరుకుంటే వర్తక కుటుంబంలో పుట్టి పెరిగినవారికి సగమే చెప్పినట్లు. ఆత్మకు అంటే కర్మకూ, దుకాణపు పేరుకు అంటే మచ్చకూ లెక్కలు వేరు. మొదటిది వారసత్వంగా రాదు. రెండవది వస్తుంది. తాత ఒక ఇల్లడ ఎగవేసిన ఇంటికి మనుమడి కాలంలో కూడా సంబంధాలు కుదరడం కష్టమవుతుంది, సరుకు అరువు పుట్టదు. మైలీటస్ మనిషి సగం ఆస్తి తెచ్చి పోసింది గ్లౌకస్ ముఖం చూసి కాదు, దేశమంతా విన్న పేరును నమ్మి. ఆ కుర్రవాళ్లు ఏడ్చుకుంటూ తిరిగిపోయిన దారిలో ప్రతి రేవులోనూ తమ కథ చెప్పుకొనే ఉంటారు. నాలుగు నెలల తరువాత వెండి తిరిగి రావచ్చు. ఆ రేవులలో చెప్పిన మాట తిరిగి రాదు. స్పార్టాలో గ్లౌకస్ ఇంటివాడనని చెప్పుకొనేవాడు లేడంటే, మనుషులే లేరో, చెప్పుకోవడానికి ఇష్టపడలేదో.

ఇంకొకటి కూడా ఉన్నది. గ్లౌకస్ క్షమాపణ అడిగింది దేవుణ్ణి. దేవునికి అతను చేసిన అపకారం ఏమున్నది? అపకారం జరిగింది ఇద్దరు కుర్రవాళ్లకు. వారిని పిలిపించి సొమ్ము ఇచ్చాడని ఉన్నదేగాని, తప్పు ఒప్పుకొన్నాడని ఎక్కడా లేదు. జ్ఞాపకం వచ్చిందని చెప్పి ఇచ్చాడేమో. అలా చెప్పి ఉంటే, తిరిగి ఇస్తున్నప్పుడు కూడా రెండవ అబద్ధం ఆడినట్లే. సంవత్సరానికొకసారి మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనే ఇళ్లలో ఈ తేడా పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. ఎవరికి హాని చేశామో వారి ఎదుట నిలబడి చెప్పని క్షమాపణ ప్రతిక్రమణలో ఒక భాగం మాత్రమే అవుతుంది. పిథియా సమానమే అన్న తీర్పులో దిగివచ్చే మెట్టు లేదు. మన మార్గంలో ఆ మెట్టు ఉన్నది. దానిమీద కాలు పెట్టడం కొండ ఎక్కడంకంటె కష్టం. ఎక్కువమంది ఆ పని దగ్గరే ఆగిపోయి, భాండారంలో ఒక పెద్ద మొత్తం వేసి వస్తారు. డెల్ఫీ బాట పొడుగునా ఉన్న ఖజానాలలో అటువంటి మొత్తాలు ఎన్ని ఉండేవో. క్రీ. పూ. 356 నుంచి 346 వరకు జరిగిన యుద్ధంలో ఫోకిస్‌వారు ఆ బంగారమంతా కరిగించి కిరాయి సైనికుల జీతాలకు చెల్లించారు.

ఈ కథ చెప్పిన రాజును గురించి కూడా కొంచెం చెప్పవలసి ఉన్నది. అతని పేరు లియోటికిడాస్. ఏజినా ద్వీపానికి చెందిన పదిమంది ధనవంతులను స్పార్టా రాజులిద్దరు, క్లియోమెనెస్, లియోటికిడాస్, కలిసి పట్టి ఏథెన్సువారి దగ్గర ఉంచారు. ఇది మనుషుల ఇల్లడ. క్లియోమెనెస్ చనిపోయిన తరువాత లియోటికిడాస్ వెళ్లి వారిని తిరిగి ఇవ్వమని అడిగాడు. ఉంచినవారు ఇద్దరు రాజులు గనుక ఒక్కరు వస్తే ఇవ్వడం న్యాయం కాదని ఏథెన్సువారు సాకు చెప్పారు. ఉమ్మడి ఖాతా చూపి బాకీ ఆపడం ఎంత పాతదో చూడండి. అప్పుడు అతను గ్లౌకస్ కథ చెప్పి, అడిగినప్పుడు ఇవ్వడం తప్ప ఇల్లడను గురించి మరొక ఆలోచనే తగదన్నాడు. ఏథెన్సువారు కథ అంతా విన్నారు. మనుషులను ఇవ్వలేదు.

ఇంత చక్కగా ధర్మం చెప్పిన లియోటికిడాస్ సింహాసనం మీదకి ఎలా వచ్చాడు? అంతకు కొద్దికాలం ముందు, క్రీ. పూ. 491 ప్రాంతాన, డెమరేటస్ అనే రాజు తన తండ్రికి పుట్టినవాడు కాదని ఈ డెల్ఫీ దేవవాక్కే చెప్పింది. అలా చెప్పించినవాడు క్లియోమెనెస్. డెల్ఫీలో పలుకుబడి గల కోబాన్ అనే మనిషిని చేతిలో వేసుకొని, అతని ద్వారా పెరియల్లా అనే పిథియాచేత ఆ మాట అనిపించాడు. డెమరేటస్ స్థానం లియోటికిడాస్‌కు వచ్చింది. తరువాత గుట్టు బయటపడి కోబాన్ ఊరు వదిలి పారిపోయాడు, పెరియల్లా పదవి పోయింది. గ్లౌకస్ అడిగిన నాడు అనుమతం ఇవ్వక తరిమిన పీఠమే, మూడు తరాల తరువాత ఒక రాజు అడిగితే కోరిన మాట పలికింది. ఆరు స్తంభాల ముందు నిలబడి దేవవాక్కు మహిమను తలచుకొనే యాత్రికులకు మార్గదర్శులు ఈ భాగం చెప్పకపోయినా, హెరొడోటస్ దాచలేదు.

కొన్నేళ్ల తరువాత లియోటికిడాస్ సేనతో థెస్సలీ మీదికి వెళ్లాడు. దేశమంతా లోబరచుకొనే అవకాశం చేతిలో ఉండగా లంచం పుచ్చుకొని ఊరుకున్నాడు. వెండి నింపిన చేతితొడుగు మీద కూర్చొని ఉండగా శిబిరంలోనే పట్టుబడ్డాడు. స్పార్టాలో విచారణకు పిలిస్తే తెగియా పట్టణానికి పారిపోయాడు, అక్కడే చనిపోయాడు. స్పార్టాలో ఉన్న అతని ఇంటిని పడగొట్టించారు.